మౌస్ ఆగిపోతే... లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?



ఈ రోజు మన పాఠంలోని వస్తువు చాలా చిన్నది. అరచేతిలో ఇమిడిపోతుంది. మీలో చాలామంది రోజూ దానితో పని చేస్తూనే ఉంటారు. అదే కంప్యూటర్ మౌస్. పని మధ్యలో తెర మీది బాణం గుర్తు ఉన్నట్టుండి ఆగిపోతుంది. కదిపినా కదలదు. కాసేపటికి దానంతటదే కదులుతుంది, మళ్లీ ఆగుతుంది. 'మౌస్ స్ట్రక్ అయింది', 'హ్యాంగ్ అయింది' అని మనం అంటుంటాం. ఇలా ఎందుకు జరుగుతుంది? కారణం మౌస్‌లో ఉందా, తీగలో ఉందా, కంప్యూటర్‌లో ఉందా, లేక మన బల్ల మీదే ఉందా? మౌస్ స్క్రూ ఒక్కటి కూడా విప్పకుండా, డబ్బు ఖర్చు పెట్టకుండా దీన్ని తేల్చుకోవడం ఎలా? ఇదే ఈ నాటి పాఠం.

ఒక ఊరు, ఒక ఇల్లు

పాఠానికి కావలసిన ఉదాహరణలను ఒకే ఊరి నుంచి తీసుకుందాం. ఆ ఊరి పేరు సచిన్. అవును, ఊరి పేరే. గుజరాత్‌లో సూరత్ నుంచి ముంబయి వైపు రైలులో వెళితే ఉధ్నా, భేస్తాన్ స్టేషన్ల తర్వాత వస్తుంది. స్వాతంత్ర్యానికి ముందు అది నవాబులు పాలించిన ఒక చిన్న సంస్థానం. తర్వాత పెద్ద పారిశ్రామిక వాడగా మారింది. అక్కడా, సూరత్ చుట్టుపక్కలా మరమగ్గాలు, అద్దకం మిల్లులు, ఎంబ్రాయిడరీ యంత్రాలు నడుస్తుంటాయి. వరంగల్, కరీంనగర్, నల్గొండ ప్రాంతాల నుంచి నేత కుటుంబాలు బతుకుతెరువు కోసం తరాలుగా సూరత్‌కు వలస వెళ్లాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపిన ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం ఈ కుటుంబాలే.

మౌస్ పాఠానికి ఈ ఊరే ఎందుకు? గాలిలో తేలే నూలు నూగు, మెరిసే పాలియెస్టర్ గుడ్డ, జరీ, పెద్ద పెద్ద మోటార్లు... మౌస్‌ను ఇబ్బంది పెట్టేవన్నీ అక్కడ ఒకేచోట ఉన్నాయి. సిరిసిల్లలో, భివండీలో, షోలాపూర్‌లో ఉన్న విద్యార్థులకు కూడా ఈ పరిస్థితి తెలిసినదే.

అక్కడ ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి మగ్గం మీద పని చేస్తాడు. అన్న కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు తయారు చేసి ఇస్తాడు. చెల్లెలు డిగ్రీ చదువుతోంది. ఇద్దరికీ కలిపి ఇంట్లో ఒకే పాత కంప్యూటర్ ఉంది. చెల్లెలి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు రేపే ఆఖరు తేదీ. సరిగ్గా ఇప్పుడే మౌస్ ఆగిపోవడం మొదలైంది. ఎవరో వచ్చి చూసి, 'విండోస్ పాడైనట్టుంది, ఫార్మాట్ కొట్టాలి' అన్నారు. ఫార్మాట్ చేస్తే డిస్క్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. అన్న నెలల తరబడి చేసిన డిజైన్లు, ఇంటిల్లిపాది ఫోటోలు, సర్టిఫికెట్ల కాపీలు అన్నీ పోతాయి. మౌస్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు. చెరిగిపోయిన పనిని కొనుక్కోలేం. అందువల్ల లోపం ఎక్కడుందో తెలియకముందే మరమ్మతు మొదలుపెట్టకూడదు.

ఇది నేతపనివారికి కొత్త సంగతి కాదు. పడుగులో ఒక పోగు తెగితే ఎవరూ మగ్గాన్ని మార్చరు. మగ్గం ఆపి, తెగిన పోగు ఎక్కడుందో వెతికి, అక్కడే ముడి వేస్తారు. మనమూ తెగిన పోగునే వెతుకుదాం.

మౌస్ ఎలా పనిచేస్తుంది?

మౌస్‌ను రూపొందించినవాడు అమెరికా శాస్త్రవేత్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్. ఆయన ఆలోచన ప్రకారం సహచర ఇంజనీరు బిల్ ఇంగ్లిష్ 1964లో మొదటి నమూనాను తయారు చేశాడు. అది ఒక చెక్క పెట్టె. దాని అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చక్రాలు ఉండేవి. ఒకటి అడ్డంగా కదలికను, రెండోది నిలువుగా కదలికను కొలిచేవి. మీరు గణితంలో చదివే ఎక్స్, వై అక్షాలే ఇవి. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దీన్ని అందరి ముందు ప్రదర్శించాడు.

తర్వాత రబ్బరు బంతి ఉన్న మౌస్‌లు వచ్చాయి. బంతికి దుమ్ము అంటుకుని లోపలి రోలర్ల మీద పేరుకునేది, మౌస్ ఆగిపోయేది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే, బంతి తీసి రోలర్లను గోటితో గీకిన జ్ఞాపకాలు చెబుతారు. ఇప్పుడు మనం వాడేది ఆప్టికల్ మౌస్. దాని కింద ఒక చిన్న దీపం బల్ల మీద ఏటవాలుగా వెలుగు వేస్తుంది. పక్కనే చిన్న కెమెరా లాంటి సెన్సర్ ఉంటుంది. అది బల్ల ఉపరితలాన్ని ఫోటోలు తీస్తూ ఉంటుంది. సెకనుకు ఎన్ని? తొలినాటి సాధారణ సెన్సర్లే సెకనుకు 1500 ఫోటోలు తీసేవి. ఒక్కో ఫోటోలో అడ్డంగా 18, నిలువుగా 18, అంటే 324 చుక్కలు మాత్రమే ఉండేవి. ముందు ఫోటోను తర్వాతి ఫోటోతో పోల్చి, ఉపరితలం ఎటువైపు ఎంత జరిగిందో మౌస్ లెక్క కడుతుంది.

ఈ లెక్క కంప్యూటర్‌కు ఎలా చేరుతుంది? యూఎస్‌బీ మౌస్ తనంతట తాను మాట్లాడదు. 'కొత్తగా ఏమైనా ఉందా?' అని కంప్యూటర్ అడిగితేనే జవాబిస్తుంది. మామూలు మౌస్‌ను కంప్యూటర్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి అడుగుతుంది. ఆ జవాబును బట్టి విండోస్ తెర మీది బాణాన్ని జరుపుతుంది.

కాబట్టి ఇది ఒక గొలుసు. దానికి అయిదు లింకులు. ఒకటి, బల్ల ఉపరితలం. రెండు, మౌస్ సెన్సర్. మూడు, తీగ లేదా రేడియో తరంగం. నాలుగు, కంప్యూటర్ పోర్టు. అయిదు, లోపలి సాఫ్ట్‌వేర్. ఏ లింకు తెగినా మన కంటికి కనిపించేది ఒక్కటే: బాణం కదలదు. లక్షణం ఒకటే, కారణాలు అనేకం. జ్వరం వచ్చిందంటే మలేరియానో, టైఫాయిడో పరీక్ష చేయనిదే చెప్పలేం కదా!

మొదటి పరీక్ష: ఆగింది మౌసా, కంప్యూటరా?

బాణం ఆగగానే కీబోర్డు మీద నమ్ లాక్ బటన్ నొక్కండి. దాని దీపం వెలిగి ఆరుతోందా?

ఈ చిన్న దీపం చాలా సంగతులు చెబుతుంది. నమ్ లాక్ నొక్కగానే దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు. బటన్ నొక్కిన వార్త ముందు కంప్యూటర్‌కు వెళుతుంది. 'దీపం వెలిగించు' అని కంప్యూటర్ తిరిగి ఆజ్ఞ ఇస్తుంది. అప్పుడే అది వెలుగుతుంది. దీపం మారుతోందంటే కంప్యూటర్ మేలుకునే ఉందని అర్థం. అప్పుడు అనుమానం మౌస్ వైపు వెళ్లాలి. ఎంత నొక్కినా దీపం మారకపోతే కంప్యూటర్ మొత్తం ఆగి ఉండవచ్చు. అప్పుడు మౌస్‌ను అనవసరంగా నిందించకండి. ల్యాప్‌టాప్‌లకు ఈ దీపం లేకపోతే విండోస్ బటన్ నొక్కి స్టార్ట్ మెనూ వస్తుందో లేదో చూడండి.

మరొక సందర్భం ఉంది. బాణం చక్కగా కదులుతుంది కానీ క్లిక్ చేస్తే ఏమీ జరగదు. అంటే మౌస్ బాగానే ఉంది. మీరు వాడుతున్న ప్రోగ్రామ్ ఆగింది, లేదా మౌస్ బటన్ అరిగింది. వేరే ప్రోగ్రామ్‌లో క్లిక్ చేస్తే ఈ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.

కంప్యూటర్ మేలుకునే ఉందని తెలిసిన మరుక్షణం చేయవలసిన పని ఒకటుంది. కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి మీ పనిని భద్రపరచండి. పరీక్షలు ఆ తర్వాత.

రెండవ పరీక్ష: తెల్ల కాగితం

ఇప్పుడు మౌస్ కింద ఒక మామూలు తెల్ల కాగితం పెట్టండి. బాణం హాయిగా కదిలితే లోపం మౌస్‌లో లేదు, బల్లలో ఉంది.

కాగితం నున్నగా కనిపిస్తుంది కానీ దాని మీద సన్నని పీచు ఉంటుంది. ఏటవాలు వెలుగులో ఆ పీచుకు చిన్న చిన్న నీడలు పడతాయి. సెన్సర్ పోల్చుకునేది ఆ నీడలనే. అద్దం మీద అలాంటి నీడలు పడవు. శాటిన్ వంటి మెరిసే పాలియెస్టర్ గుడ్డ వెలుగును ఒకే వైపు తళుక్కున తిప్పి కొడుతుంది. జరీ బట్ట మరీ చిత్రమైనది. తళుకు ఒకవైపు, ఒకే నమూనా పదే పదే రావడం ఇంకొకవైపు. ముందు ఫోటోకూ తర్వాతి ఫోటోకూ తేడా తెలియక సెన్సర్ తికమక పడుతుంది. సూరత్ జరీ కంటికి ఎంత అందమో, మౌస్‌కు అంత ఇబ్బంది!

కాగితం మీద కూడా ఆగుతుంటే మౌస్‌ను కంప్యూటర్ నుంచి తీసి వెల్లకిలా తిప్పండి. వెలుగు వచ్చే రంధ్రంలో నూగు ఉందేమో చూడండి. అక్కడ ఒక్క పోగు ఇరుక్కున్నా చాలు. ఎందుకంటే ఆ పోగు మౌస్‌తో పాటే కదులుతుంది. బల్ల జరుగుతున్నా పోగు మాత్రం ప్రతి ఫోటోలోనూ అదే చోట కనిపిస్తుంది. 'ఏమీ కదలలేదు' అని సెన్సర్ పొరబడుతుంది. మెత్తని బ్రష్‌తో గానీ పొడి దూదిపుల్లతో గానీ నెమ్మదిగా తీసేయండి. నీళ్లు పోయకండి, పిన్నుతో పొడవకండి.

పాలియెస్టర్‌తో ఇంకో చిక్కు ఉంది. చలికాలపు పొడి రోజుల్లో ఆ గుడ్డ రాసుకుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. స్వెటర్ విప్పేటప్పుడు చిటపట వినిపిస్తుంది కదా, అదే. అది మౌస్‌కు తగిలితే ఒక్కోసారి మౌస్ మొండికేస్తుంది. తీసి మళ్లీ గుచ్చితే పనిచేస్తుంది. బల్ల మీద నూలు గుడ్డో, కాగితపు అట్టో వేసుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

మూడవ పరీక్ష: తీగ, పోర్టు

మామూలు మౌస్ తీగ లోపల నాలుగు సన్నని తీగలు ఉంటాయి. రెండు 5 వోల్టుల విద్యుత్తు కోసం, రెండు సమాచారం కోసం. తీగ ఎక్కువగా వంగేది మౌస్ మెడ దగ్గర. లోపలి రాగి తెగేది కూడా సాధారణంగా అక్కడే. మౌస్‌ను కదపకుండా పట్టుకుని మెడ దగ్గర తీగను మాత్రం అటూ ఇటూ వంచండి. కింది దీపం ఆరి వెలుగుతుంటే దొంగ దొరికినట్టే.

తర్వాత పోర్టు మార్చి చూడండి. డెస్క్‌టాప్ అయితే వెనుక వైపు పోర్టులో పెట్టండి. అవి నేరుగా మదర్‌బోర్డు మీద ఉంటాయి. ముందు వైపు పోర్టులు లోపల మరో తీగ ద్వారా కలిసి ఉంటాయి, ఆ తీగ వదులు కావచ్చు. మధ్యలో హబ్ ఉంటే తీసేయండి.

ఇక అన్నిటికన్నా గట్టి పరీక్ష మార్పిడి. పక్కింటి నుంచి ఒక మంచి మౌస్ తెచ్చి మీ కంప్యూటర్‌కు పెట్టండి. మీ మౌస్‌ను వారి కంప్యూటర్‌కు పెట్టండి. లోపం మౌస్ వెంట వెళితే దోషం మౌస్‌ది. మౌస్ మారినా లోపం మీ ఇంట్లోనే ఉండిపోతే దోషం కంప్యూటర్‌ది. ప్రయోగశాలలో కంట్రోల్ ప్రయోగం అని మీరు చదివేది ఇదే.

తీగ లేని మౌస్ అయితే?

ముందు బ్యాటరీ మార్చండి. తర్వాత పరిసరాలు చూడండి. ఈ మౌస్‌లు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో మాట్లాడతాయి. ఆ దారిలో రద్దీ ఎక్కువ. వై-ఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే ఉంటాయి. యూఎస్‌బీ 3.0 పరికరాలు కూడా ఆ పౌనఃపున్యంలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రం ప్రచురించింది. మౌస్ రిసీవర్ పక్కనే హార్డ్ డిస్క్ గుచ్చి ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మౌస్ తడబడితే కారణం ఇదే కావచ్చు. రిసీవర్‌ను ఒక పొడిగింపు తీగతో మౌస్ దగ్గరికి తెచ్చి చూడండి.

నాలుగవ పరీక్ష: కంప్యూటర్ లోపల

మౌస్ మంచిదే, లోపం కంప్యూటర్‌లో ఉందని తేలిందనుకుందాం. అప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుని ఎప్పుడెప్పుడు ఆగుతోందో రాయండి. సమయమే సగం జవాబు చెబుతుంది.

కొంతసేపు ముట్టుకోకుండా ఉంచి తిరిగి కదిపినప్పుడే ఆగుతోందా? కరెంటు పొదుపు కోసం విండోస్ ఆ పోర్టును నిద్రపుచ్చుతూ ఉండవచ్చు. విండోస్ బటన్, ఎక్స్ కలిపి నొక్కి, తర్వాత ఎం నొక్కితే విండోస్ 10, 11లలో డివైస్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ అనే చోట టిక్ తీసేయండి.

పెద్ద డిజైన్ ఫైలు తెరిచినప్పుడో, యాంటీవైరస్ తనిఖీ చేసేటప్పుడో ఆగుతోందా? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ, మెమరీ, డిస్క్ ఎంత శాతం పనిలో ఉన్నాయో చూడండి. డిస్క్ 100 శాతం దగ్గరే నిలిచిపోతే మౌస్ తప్పేమీ లేదు. కంప్యూటర్‌కు ఊపిరాడటం లేదు.

అరగంట, గంట పనిచేశాక మాత్రమే ఆగుతోందా? వేడిని అనుమానించండి. మగ్గాల వాడలో నూగు ఫ్యాన్ రెక్కల మీద దుప్పటిలా పేరుకుంటుంది. గాలి ఆడక ప్రాసెసర్ వేడెక్కి, తన వేగం తానే తగ్గించుకుంటుంది. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, గాలి వచ్చే జాలీలను బ్రష్‌తో శుభ్రం చేయండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఎప్పుడూ విప్పకండి. ప్లగ్ తీశాక కూడా దానిలోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

పక్కన పెద్ద మోటారు వేసినప్పుడే ఆగుతోందా? మోటారు మొదలయ్యే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ లైను మీద వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది. యూపీఎస్, సరైన ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్ దీనికి మందు.

ఇవేవీ కాకపోతే డివైస్ మేనేజర్‌లో మౌస్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. విండోస్ దాని డ్రైవర్‌ను మళ్లీ తానే పెట్టుకుంటుంది.

ఒక హెచ్చరిక. కొన్నిసార్లు ఏదో వెబ్ పేజీ తెర నిండా పరుచుకుని, 'మీ కంప్యూటర్‌కు తాళం పడింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి' అంటుంది. అది లోపం కాదు, మోసం. ఫోన్ చేయకండి. టాస్క్ మేనేజర్‌తో బ్రౌజర్‌ను మూసేయండి. ఎవరైనా డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చెప్పాలి.

ఆ ఇంటి సమస్య

ఇప్పుడు మన ఉదాహరణలోని చెల్లెలి దగ్గరికి వద్దాం. నమ్ లాక్ నొక్కింది, దీపం మారింది. కంప్యూటర్ బాగానే ఉంది. కంట్రోల్, ఎస్ నొక్కి అన్న డిజైన్‌ను భద్రపరిచింది. కాగితం పెట్టింది, ఫలితం లేదు. రంధ్రంలో నూగు తీసింది, తడబాటు కొంచెం తగ్గింది కానీ పోలేదు. జాగ్రత్తగా గమనిస్తే, మౌస్‌ను బల్ల కుడి చివరకు లాగినప్పుడే ఆగుతోంది. అప్పుడు తీగ మెడ దగ్గర వంగుతోంది, దీపం ఆరుతోంది. పక్కింటి మౌస్ పెట్టి చూస్తే అంతా సవ్యంగా ఉంది. తెగింది ఒక రాగి తీగ. విండోస్ తప్పు లేదు, ఫార్మాట్ అక్కర లేదు.

రాత్రివేళ పక్కింటివారు నిద్రపోతుంటే? అప్పుడూ దరఖాస్తు ఆగదు. ట్యాబ్ బటన్‌తో ఒక గడి నుంచి మరో గడికి వెళ్లవచ్చు. స్పేస్ బార్‌తో టిక్ పెట్టవచ్చు. ఎంటర్‌తో పంపవచ్చు. ఎడమ వైపు ఆల్ట్, ఎడమ వైపు షిఫ్ట్, నమ్ లాక్ మూడూ కలిపి నొక్కి ఎంటర్ కొడితే, కుడి వైపు అంకెల బటన్లే మౌస్ అవుతాయి. 4, 6, 8, 2 బాణాన్ని నాలుగు దిక్కులా జరుపుతాయి. 5 క్లిక్ చేస్తుంది. ఇది మౌస్ పాడు కాకముందే ఒకసారి సాధన చేసి పెట్టుకోవలసిన విద్య.

పాఠం సారాంశం

• ముందు పనిని భద్రపరచండి, తర్వాత పరీక్షించండి.
• ఒకసారికి ఒక్కటే మార్చండి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే ఏది నయం చేసిందో తెలియదు.
• సులువైనవి, ఖర్చు లేనివి, వెనక్కి తీసుకోగలిగినవి ముందు చేయండి.
• ఫార్మాట్ చివరి మెట్టు. దానికి ముందు ఫైళ్లను రెండు వేర్వేరు చోట్ల కాపీ చేసుకోండి.

చేసి చూడండి

1. సెకనుకు 125 సార్లు అడిగే కంప్యూటర్‌కు, మౌస్ 3 సెకన్లు ఆగిపోతే ఎన్ని ప్రశ్నలకు జవాబు అందదు?
2. తెల్ల కాగితం, అద్దం, పట్టు చీర అంచు, నూలు తువ్వాలు మీద మౌస్‌ను కదిపి, బాణం తీరును పట్టికగా రాయండి. కారణం వివరించండి.
3. మౌస్‌ను ముట్టుకోకుండా ఒక ఉత్తరం టైపు చేసి, భద్రపరచి, కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేయండి.

మౌస్ ధర తక్కువే కావచ్చు. లోపాన్ని ఊహించకుండా పరీక్షించి తెలుసుకునే అలవాటు మాత్రం రేపు మీరు మగ్గం దగ్గర ఉన్నా, ఆస్పత్రిలో ఉన్నా, ప్రయోగశాలలో ఉన్నా పనికొస్తుంది. పై మూడు పనులూ చేసి, ఫలితాలను నోటు పుస్తకంలో రాసుకోండి. మరో పాఠంలో కలుసుకుందాం. సెలవు.